స్టేషన్ నుంచి ఐదు నిమిషాలు

(తెలంగాణ సరిహద్దు దగ్గర, మహారాష్ట్రలోని ధర్మాబాద్‌లో జరిగిన ఉగాది సభలో ముంబైలో పనిచేసి వచ్చిన ఒక రిటైర్డ్ నర్సు ప్రసంగం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న మా బడి మాస్టారికి, వంట దగ్గర నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డ అక్కలకు, చెల్లెళ్లకు, అందరికీ ఉగాది శుభాకాంక్షలు. పచ్చడి చాలా బాగా కుదిరింది. చేసిన చేతులకు దండం.

"ఇంట్లో తెలుగు నిలబెట్టుకోవడం" అన్న విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. రాసుకొచ్చాను కూడా, ఈ కాగితాలు అవే. కానీ పొద్దున్నుంచి ఈ హాల్లో నలుగురు నన్ను పక్కకు పిలిచారు. ఒక్కరూ తెలుగు గురించి అడగలేదు. "అక్కా, మా వాడికి ముంబైలో ఉద్యోగం వచ్చింది. ఎక్కడ ఫ్లాట్ తీసుకుంటే చవక?" అదే ప్రశ్న నలుగురిదీ. ఒకాయన చేతిలో బ్రోచర్ ఉంది. దాని మీద "స్టేషన్ నుంచి ఐదు నిమిషాలు" అని పెద్ద అక్షరాలు. అది చూశాక నాకు మనసు ఆగలేదు. సంఘం వాళ్లు క్షమించాలి, ఈ కాగితాలు పక్కన పెట్టేస్తున్నాను. ఫ్లాట్ గురించే మాట్లాడతాను. తెలుగు సంగతి కూడా అందులోనే ఉంది.

1996లో మేం ఫ్లాట్ కొన్నాం. అప్పుడు నేను పరేల్‌లో ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని. మా ఆయన దాదర్‌లో ఒక ప్రెస్‌లో మెషిన్ మీద ఉండేవారు. పెళ్లయినప్పటి నుంచి నాయ్‌గావ్ బీడీడీ చాల్‌లో అంటే అన్నీ ఒంటి గదులే ఉండే పాత బిల్డింగులో, మా మేనమామ గదిలోనే ఉన్నాం. 160 చదరపు అడుగుల గది, ఆరుగురం మనుషులం. మామయ్యకు 1982 సమ్మెలో మిల్లు ఉద్యోగం పోయింది, గది మాత్రం మిగిలింది. రాత్రి మగవాళ్ల పరుపులు బయట వరండాలోకి వెళ్లేవి. పొద్దున నీళ్లకు, బాత్రూమ్‌కు లైను. కష్టమే. కానీ డ్యూటీకి ఇరవై నిమిషాల నడక. మధ్యాహ్నం షిఫ్టు దిగితే నాలుగింటికల్లా నా బిడ్డ నా ఒళ్లో ఉండేది.

ఆ రోజుల్లో మన వాళ్లు అట్లాగే బతికారు. ముంబైలో కామాఠీపురాకు ఆ పేరు మన కామాఠీల వల్లే వచ్చింది. ఇటు నిజాం ఇలాకా నుంచి వెళ్లి బొంబాయిలో రాళ్లు మోసి కట్టడాలు కట్టినవాళ్లు. పద్మశాలీలు మిల్లుల చుట్టూ చాల్స్‌లో ఉన్నారు. మిల్లు సైరన్ మోగితే లేచి నడిచి వెళ్లిపోయేంత దూరం. వాళ్లు చదువుకున్నవాళ్లు కాదు, కానీ పనికి దగ్గర ఉండాలన్న లెక్క వాళ్లకు తెలుసు. నేను చదువుకున్నదాన్ని, ఆ లెక్క తప్పాను.

నాకు సొంత ఇల్లు కావాలి, అంతే. "రెండేళ్లు ఓపిక పట్టు బిడ్డా, ఇక్కడే ఎక్కడో దొరుకుతది" అన్నాడు మామయ్య. వినలేదు. బద్లాపూర్‌లో కొత్త బిల్డింగ్, 420 చదరపు అడుగులు, రెండు లక్షల నలభై వేలు. బ్రోచర్‌లో స్టేషన్ నుంచి ఐదు నిమిషాలు. ఆదివారం పూట బిల్డర్ మనిషి స్కూటర్ మీద తీసుకెళ్లి చూపించాడు. నిజంగానే ఐదు నిమిషాలు పట్టింది.

తాళాలు చేతికొచ్చిన రోజు రాత్రి, బట్టలు కొలిచే టేపు తీసి నేనే గోడ నుంచి గోడకు కొలిచాను. 290. మళ్లీ కొలిచాను, 290. మిగతా 130 అడుగులు మెట్లలో, గోడల్లో, బిల్డర్ నోట్లో ఉన్నాయి.

ఇక నడక. రోడ్డు లేదు. జూన్‌లో వాన మొదలైతే మోకాలి కింద దాకా బురద. డ్యూటీ చెప్పులు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, పాత రబ్బరు చెప్పులతో ముప్పై అయిదు నిమిషాలు నడిచి, స్టేషన్ కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని చెప్పులు మార్చుకునేదాన్ని. ఆ రబ్బరు చెప్పులు టికెట్ కౌంటర్ పక్కన పూలమ్మే ఆవిడ తన గంప కింద దాచిపెట్టేది. పదకొండేళ్లు దాచింది. ఒక్క రూపాయి తీసుకోలేదు ఆ తల్లి.

బద్లాపూర్ నుంచి ముంబై చివరి స్టేషన్ సీఎస్ఎంటీ 68 కిలోమీటర్లు. నేను అంతదాకా వెళ్లకపోయినా, ఇంటి గుమ్మం నుంచి వార్డు గుమ్మం దాకా రెండు గంటలు. రానుపోను నాలుగు. ఏడాదికి మూడు వందల రోజులు వేసుకోండి, 1,200 గంటలు. అంటే రాత్రీ పగలూ కలిపి యాభై రోజులు. పదకొండేళ్లకు ఏడాదిన్నర. నా జీవితంలో ఏడాదిన్నర రైలు డబ్బాలో కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ఆ లెక్క బ్రోచర్‌లో వేస్తారా? బ్యాంకు వాళ్లు లోన్ ఇచ్చేటప్పుడు అడుగుతారా? మీరు అడగాలి. తల్లిదండ్రులు అడగాలి.

ఆ గంటల్లో నా బిడ్డ ఎవరి దగ్గర ఉంది? పక్కింటి మరాఠీ కాకూ దగ్గర. బంగారం లాంటి మనిషి. అన్నం పెట్టింది, జడ వేసింది, జ్వరం వస్తే రాత్రంతా మేలుకుంది. మరాఠీ మనకు పరాయి భాష కాదు, మన అంగడి భాష, మన బడి భాష. ఆ మాటకు నాకు బాధ లేదు. కానీ ఒక దసరాకు మా అమ్మ ఇక్కడి నుంచి వచ్చింది. మిరపకాయల సంచి దించి, పాపను దగ్గరకు తీసుకుని "అన్నం తిన్నవా బిడ్డా" అని అడిగింది. పాప నా వైపు తిరిగి "ఆజీ కాయ్ మ్హణతే?" అంది. అమ్మమ్మ ఏమంటోందని నన్ను అడిగింది. ఆ పూట మా అమ్మ నాతో మాట్లాడలేదు. తెల్లవారి మాత్రం ఒకటే మాట అంది, "పిల్ల తప్పు కాదు, దాని చెవిలో మాట పడలే."

నాకు మాట్లాడమని ఇచ్చిన విషయం ఇదేగా మాస్టారూ? ఇంట్లో తెలుగు. ఇంట్లో మనిషి లేకపోతే తెలుగు ఎక్కడుంటుంది?

ఇంకొకటి కూడా చెప్పాలి. 2005 జూలై 26. శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన. రైళ్లు ఆగిపోయాయి, నేను ఆస్పత్రిలో చిక్కుకుపోయాను. అటు బద్లాపూర్‌లో ఉల్హాస్ నది పొంగింది. మాది గ్రౌండ్ ఫ్లోర్, చవక అని తీసుకున్నదే. ఫోన్లు లేవు. మూడో రోజు ఇంటికి చేరేసరికి స్విచ్‌బోర్డు కింద దాకా గోడ మీద బురద గీత. పాప రెండో అంతస్తులో కాకూ వాళ్ల అక్క ఇంట్లో నిద్రపోతోంది, చేతిలో స్కూలు సంచి పట్టుకునే. ఆ గీతకు ఎన్నిసార్లు సున్నం కొట్టినా మళ్లీ పైకి తేలేది. 2019 జూలైలో అదే నది, బద్లాపూర్‌కూ వాంగణీకీ మధ్య మహాలక్ష్మి ఎక్స్‌ప్రెస్‌ను నిలబెట్టేసింది, వెయ్యి మందికి పైగా ప్రయాణికులను పడవల్లో తీశారు. టీవీలో చూస్తూ నేను కూర్చోలేకపోయాను.

అందుకే, బ్రోచర్ తెచ్చిన అన్నా, మీతో పాటు అందరూ వినండి. చూడ్డానికి ఆదివారం వెళ్లకండి. జూలైలో, సోమవారం నాడు వెళ్లండి. బిల్డర్ బండి ఎక్కకండి, నడవండి. మీ అబ్బాయి ఒక్కడే కాదు, కోడలు కూడా నడవాలి, ఆవిడ డ్యూటీ వేళకే నడవాలి. పొద్దున ఎనిమిదింటికి ప్లాట్‌ఫారమ్ మీద గంట సేపు నిలబడండి. ఆ స్టేషన్ నుంచి బయలుదేరే లోకల్ ఉందా, లేక కిక్కిరిసి వచ్చే బండికి వేలాడాలా, అది మీ కళ్లతో చూడండి. 2025 జూన్‌లో ముంబ్రా దగ్గర తలుపుల్లో వేలాడుతున్నవాళ్లు కింద పడి చనిపోయారు. వాళ్లూ ఎక్కడో చవగ్గా దొరికిన ఇంటి నుంచి పనికి బయలుదేరినవాళ్లే.

నీళ్ల గురించి బ్రోకర్‌ని అడగొద్దు, వాచ్‌మన్‌ని అడగండి. టాంకర్ వారానికి ఎన్నిసార్లు వస్తుందో అతనికే తెలుసు. మా బిల్డింగ్‌కు ఓసీ, అంటే ఇల్లు నివాసానికి సిద్ధమని మునిసిపాలిటీ ఇచ్చే సర్టిఫికెట్, రాలేదు. ఆరేళ్లు టాంకర్ నీళ్లు తాగాం. చదివినదాన్ని, సంతకం పెట్టేటప్పుడు ఓసీ అన్న మాట కూడా అడగలేదు.

ఇప్పుడు చట్టం కొంత నయం. 2017 మే నుంచి మహారాష్ట్రలో రెరా, అంటే బిల్డర్లను అదుపులో పెట్టే చట్టం, ఉంది. కార్పెట్ ఏరియా, అంటే గోడల మధ్య నిజంగా వాడుకునే నేల, ఆ లెక్కనే అమ్మాలి, కొన్నవాళ్ల డబ్బులో డెబ్బై శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉంచాలి. కానీ రెరా నంబరు చూసి నిద్రపోకండి. కల్యాణ్-డోంబివలీలో 65 బిల్డింగులకు దొంగ అనుమతి కాగితాలు పుట్టించి, వాటితో రెరా నంబర్లు తెచ్చుకున్నారు. 2024 నవంబరులో బాంబే హైకోర్టు వాటిని కూల్చమంది. అందులో మనలాంటివాళ్లే, లోన్లు కడుతూ ఉన్నారు. నంబరు పట్టుకుని మునిసిపాలిటీ టౌన్ ప్లానింగ్ ఆఫీసుకు స్వయంగా వెళ్లండి. ఒక రోజు సెలవు పోతుంది, పోనివ్వండి. 2013లో శిల్‌ఫాటా దగ్గర అనుమతి లేని బిల్డింగ్ కూలి 74 మంది పోయారు. ఆ వార్త విన్నప్పటి నుంచి చవక అన్న మాట వింటే నాకు టెన్షన్.

పన్ను సంగతి చిన్నగా చెప్తాను. కడుతున్న ఫ్లాట్‌కు జీఎస్టీ అయిదు శాతం. 45 లక్షల లోపు, 60 చదరపు మీటర్ల కార్పెట్ లోపు ఉంటే ఒక శాతం. ఓసీ వచ్చిన ఇంటికి అసలు లేదు. ఆడవాళ్ల పేరు మీద రిజిస్టర్ చేయిస్తే స్టాంపు డ్యూటీలో ఒక శాతం తగ్గుతుంది. కోడలి పేరు పెట్టండి. ఎందుకు నవ్వుతున్నారు? నిజంగానే అంటున్నాను.

మ్హాడా, అంటే మహారాష్ట్ర ప్రభుత్వ గృహ నిర్మాణ సంస్థ, లాటరీ వేసి ఇచ్చే ఇళ్లకు అర్జీ పెట్టండి. మన గురించి ఇటు ముంబై పట్టించుకోదు, అటు హైదరాబాద్ పట్టించుకోదు అని మనం ఎప్పుడూ బాధపడతాం. ఇది మాత్రం మనకుంది. మ్హాడాకు మహారాష్ట్ర డొమిసైల్, అంటే ఈ రాష్ట్ర నివాసి అన్న సర్టిఫికెట్, కావాలి. సరిహద్దు అవతల తెలంగాణలో, బాసరలో ఉన్న మా మేనత్త మనవడికి అది లేదు, ఇక్కడ పుట్టి పెరిగిన మీ పిల్లలకు ఉంది. ఎంతమంది అర్జీ పెట్టారు? చేతులెత్తండి. ఒక్కటి. రెండు. ఇంత హాల్లో రెండే చేతులు!

ఏ పేట మంచిదని ఒక్క పేరు చెప్పమంటారు. చెప్పలేను, పని ఎక్కడో దాన్ని బట్టి పేట. సీఎస్ఎంటీ వైపు పని అయితే కల్యాణ్, డోంబివలీ, ఠాణే లైను, ఇక్కడ దేవగిరి రైలు ఎక్కితే తెల్లవారుజామున మనం దిగేది కూడా కల్యాణ్‌లోనే. అమ్మానాన్న రాకపోకలకు అది చిన్న విషయం కాదు. వేరే లైనులో ఉన్న అంధేరీలో పని పెట్టుకుని బద్లాపూర్‌లో ఇల్లు మాత్రం వద్దు, చేతులు జోడించి చెప్తున్నాను.

మా అమ్మాయికి ఐరోలీలో ఉద్యోగం. పోయిన ఏడాది ఫ్లాట్ వెతికేటప్పుడు నన్ను పిలిచింది. తలోజాలో కొత్తది, పెద్దది, స్విమ్మింగ్ పూల్ ఉన్నది చూపించారు. మా ఇద్దరికీ నచ్చింది. తర్వాత ఒక సోమవారం వానలో ఇద్దరం గొడుగులేసుకుని అక్కడి నుంచి ఆఫీసు దాకా వెళ్లి చూశాం. దారి పొడవునా అది ఒక్క మాటా మాట్లాడలేదు, వాచీ చూసుకుంటూనే ఉంది. చివరికి ఘన్సోలీలో పాత సొసైటీలో తీసుకుంది. 380 అడుగుల కార్పెట్, లిఫ్ట్ చప్పుడు చేస్తుంది, సున్నం రాలుతోంది. నేల నవీ ముంబైని కట్టిన ప్రభుత్వ సంస్థ సిడ్కో లీజుకిచ్చినది కాబట్టి ట్రాన్స్‌ఫర్ రుసుము కూడా కట్టింది. ఊరి గావ్‌ఠాణ్‌లో, అంటే పాత ఊరు ఉన్న చోట, ఇంకా చవగ్గా ఉన్నాయి, కాగితాలు అడిగితే ఎవరి దగ్గరా లేవు, వదిలేశాం. ఓసీ నా చేత్తో పట్టుకుని చదివాకే టోకెన్ డబ్బులు ఇచ్చాం. ట్రాన్స్ హార్బర్ లైనులో ఘన్సోలీ నుంచి ఐరోలీ రెండో స్టేషనే.

ఆరున్నరకల్లా ఇంట్లో ఉంటుంది. మనవరాలికి పలక పట్టించింది. తెలుగు మా అమ్మాయికే రాదు, అందుకని రోజూ రాత్రి ఏడింటికి ఫోన్‌లో నేను అక్షరం చెప్తాను, తల్లీబిడ్డా ఇద్దరూ దిద్దుతారు. నిన్న "ణ" దగ్గర ఆగారు. ఇద్దరికీ మెలిక తిరగడం లేదు.

భోజనాల దగ్గర నేను ఆ కిటికీ పక్కనే కూర్చుంటాను. అన్నా, మీ బ్రోచర్ తీసుకురండి. అగ్రిమెంట్ కాగితాలు ఉన్నవాళ్లు అవి కూడా తీసుకురండి. టేపు నా సంచిలోనే ఉంది.