కోల్డ్ కాఫీలో కాఫీ ఎంత?

మే నెల మధ్యాహ్నం విజయవాడ బెంజ్ సర్కిల్‌లో బండి ఆపి, ఏసీ ఉన్న కాఫీ షాపులోకి దూరారనుకోండి. ఆ ఎండకి నోటికొచ్చే మొదటి మాట, ‘ఒక కోల్డ్ కాఫీ’. గుంటూరు బ్రాడీపేటలో అయినా ఇదే కథ. ఆ గ్లాసులో ఏముందో ఒకసారి లెక్కేద్దాం.

చిక్కటి పాలు 200 మిల్లీలీటర్లు, అంటే 175 కేలరీలు. వెనిలా ఐస్‌క్రీమ్ ఒక స్కూపుకి 130. పంచదార సిరప్ 30 మిల్లీలీటర్లు పోస్తే ఇంకో 70. మొత్తం 375 దాకా తేలింది. పైన క్రీమ్ పెడితే ఆ లెక్క వేరే. చట్నీ లేకుండా ఆరేడు ఇడ్లీలు తిన్నట్టండీ ఇది! ఇందులో కాఫీ వాటా నాలుగైదు కేలరీలే. పాపం, పేరు మాత్రం దానిదే.

ఆ 30 మిల్లీలీటర్ల సిరప్‌లోనే దాదాపు నాలుగు చెంచాల పంచదార ఉంటుంది. విడిగా కలిపే పంచదార రోజంతటికీ 25 గ్రాములు, అంటే ఆరు చెంచాలు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చల్లటి పానీయంలో తీపి నాలుకకి తక్కువగా తెలుస్తుంది కాబట్టి షాపువాళ్లు మరికాస్త పోస్తారు. అదే గ్లాసు చల్లదనం పోయాక తాగి చూడండి, వెగటు పుడుతుంది.

‘పంచదార వద్దు’ అంటే సరిపోతుందా? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఫ్రాపేలకి, అంటే ఐసుతో నురగొచ్చేలా చిలికే కాఫీలకి వాడే రెడీమేడ్ పొడిలో పంచదార ముందే కలిసి ఉంటుంది, దాన్ని ఎవరూ తీయలేరు. అందుకే కౌంటర్ దగ్గర అడగాల్సిన మొదటి ప్రశ్న: ‘పొడి కలుపుతారా, షాట్ తీసి చేస్తారా?’ షాట్ అంటే మెషిన్‌లో తీసే చిక్కటి కాఫీ, అదే ఎస్ప్రెస్సో.

షాట్ తీస్తామంటే ఇలా చెప్పండి. రెండు షాట్ల ఎస్ప్రెస్సో. అది వేడిగా ఉండగానే అర చెంచా పంచదార వేసి కరిగించాలి, ఎందుకంటే చల్లటి పాలల్లో పంచదార సరిగ్గా కరగక అడుక్కి చేరుతుంది. గ్లాసులో ముందు ఐసు, తర్వాత 120 మిల్లీలీటర్ల చల్లటి టోన్డ్ పాలు, చివర్న షాట్. వరస తిరగేసి వేడి షాట్‌ని నేరుగా ఐసు మీద పోస్తే ఐసు కరిగి నీళ్లకాఫీ అవుతుంది, ‘ఆరోగ్యం అంటే ఇంతే రుచి’ అని మళ్లీ పాత గ్లాసుకే వెళ్లిపోతారు. సరిగ్గా చేస్తే మొత్తం 80 కేలరీలు. చేదనిపిస్తే చిటికెడు దాల్చినచెక్క పొడి చల్లమనండి.

బెల్లం కాఫీ సంగతి కూడా చెప్పాలి. 100 గ్రాముల పంచదార 400 కేలరీలైతే బెల్లం 380 దాకా ఉంటుంది. రుచికోసం తాగండి, మందనుకుని రెండో కప్పు తాగొద్దు. బాదం పాలూ ఓట్ పాలూ అంతే, తీపి కలపనిదేనా అని డబ్బా మీద చూసి తీరాలి.

ఇక పక్కన తినేవి. ఎగ్ పఫ్‌లో గుడ్డు సగమే, మిగతాదంతా మైదా పొరల మధ్య కొవ్వు. మఫిన్ అంటే కప్పులో కాల్చిన కేకే. అన్నిటికంటే నయం పనీర్ శాండ్‌విచ్ గానీ గుడ్డు శాండ్‌విచ్ గానీ, ఒక షరతు మీద: మయొనైజ్ తీసేయించాలి. ఒక్క పెద్ద చెంచా మయొనైజ్ 90 కేలరీల పైమాటే, దాదాపు అంతా నూనె. బదులుగా పుదీనా చట్నీ రాయించుకోండి. బ్రెడ్ ముదురు రంగులో ఉందని గోధుమ అనుకోకండి, మైదాకి రంగేసినా అలాగే ఉంటుంది.

10 లేదా అంతకన్నా ఎక్కువ చోట్ల షాపులున్న సంస్థలు మెనూలో కేలరీలు చూపించాలన్న నిబంధన 2022 జూలై నుంచి ఉంది. ధర పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది, కళ్లజోడు పెట్టుకుని చదవండి.

ఇంకొక్కటి. భోజనం చేసిన వెంటనే కాఫీ తాగితే అన్నం, పప్పు, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు, ఒకటి రెండు గంటలు ఆగండి. రక్తహీనత ఉన్న ఆడవాళ్లకి ఇది మరీ ముఖ్యం. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీలోని కెఫీన్ రాత్రి పదకొండుకి కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. ఆ వేళకి కాఫీ షాపులో కూర్చోక తప్పకపోతే నిమ్మకాయ సోడా చెప్పండి, ఉప్పుది. స్వీట్ సోడా తెచ్చిపెడితే మొహమాటపడకుండా మార్పించుకోండి.