నమూనా చెక్కు, ఆగిపోయిన బిల్లు

సభకు నమస్కారం. అధ్యక్షులకు, నిర్వాహకులకు, నన్ను గుర్తుపెట్టుకుని పిలిచిన మిత్రులకు కృతజ్ఞతలు. పేరుపేరునా చెప్పాలనే ఉంది. కానీ ఇచ్చిన టైమ్ తక్కువ, చెప్పాల్సింది ఎక్కువ.

‘కంపెనీలు సమాజానికి మేలు చేస్తే లాభాలు పెరుగుతాయా?’ ఇదీ నాకిచ్చిన అంశం. చాలాకాలంగా నలుగుతున్న ప్రశ్నే. నియమాలకు లోబడి లాభం పెంచడమే వ్యాపారానికున్న సామాజిక బాధ్యత అని 1970లో ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో రాశాడు. మేనేజర్ దానం చేస్తే ఆ డబ్బు ఎవరిది, వాటాదారులది కదా అన్నాడు. ఆ మాటను తేలిగ్గా తీసిపారేయలేం.

2003లో ఆర్లిట్జ్‌కీ, ష్మిట్, రైన్స్ అనే పరిశోధకులు 52 అధ్యయనాలను కలిపి లెక్కకట్టారు. మేలుకీ లాభానికీ పొత్తు ఉందనే తేలింది. షేరు ధరలో కంటే ఖాతా పుస్తకాల లాభంలో అది గట్టిగా కనబడింది. మరి ఏది ముందు? మేలు చేస్తే లాభం వచ్చిందా, చేతిలో డబ్బు ఆడుతోంది కాబట్టి మేలు చేయగలిగారా? రెండు వైపులా నిజముందని వాడాక్, గ్రేవ్స్ అనే మరో ఇద్దరు పరిశోధకులు 1997లోనే చెప్పారు. ఈ ముడి గురించి నాలుగు పేజీలు రాసుకొచ్చాను. వాటిని కాసేపు పక్కన పెట్టనివ్వండి.

నేను చాలా ఏళ్లు ఒక కంపెనీ అకౌంట్స్‌లో పనిచేశాను. పేరు వద్దు. మాకు అట్టపెట్టెలు సప్లై చేసే ఒకాయన ఉండేవారు. 45 రోజుల్లో ఇవ్వాల్సిన బిల్లు నాలుగు నెలలు దాటింది. ఏడాది లెక్కలు మూసే రోజులు. నగదు నిల్వ నిండుగా కనబడాలి, చిన్న సప్లయర్ల పేమెంట్లు ఆపండని పైనుంచి మాట. ఆయన పొద్దున్నే వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. ఒళ్లో ప్లాస్టిక్ కవరు, అందులో బిల్లు కాపీలు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లేచి నిలబడుతున్నారు. “జీతాలివ్వాలి సార్, సగమైనా ఇప్పించండి” అన్నారు. వచ్చే వారం చూద్దామన్నాను.

అదే రోజు నా టేబుల్ మీదికి విరాళం వోచర్ వచ్చింది. మధ్యాహ్నానికల్లా చెక్కు సిద్ధం. ఫొటో కోసం తలుపంత నమూనా చెక్కు కూడా చేయించారు. ఇద్దరు దాన్ని మోసుకెళుతుంటే ఆయన కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చారు.

మరుసటి ఏడాది ఆయన రేటు పెంచారు, తర్వాత సరుకు పంపడమే మానేశారు. కొత్తగా వచ్చినవాళ్లు మేం చేసే ఆలస్యాన్ని ముందే ధరలో కలిపేసుకున్నారు. పెట్టెలు పల్చబడ్డాయి, సరుకు దెబ్బతిని వాపసు రావడం మొదలైంది. ఆ నష్టమంతా ‘కొనుగోళ్లు’ పద్దులో కలిసిపోయింది. విరాళానికి మాత్రం వార్షిక నివేదికలో రెండు రంగుల పేజీలు.

లాభానికీ బాధ్యతకీ సంబంధం ఉందా అంటే, ఉందండీ, నేను కళ్లారా చూశాను. బయటి ఉదాహరణ కూడా ఒకటుంది. 1982లో చికాగో ప్రాంతంలో ఎవరో టైలెనాల్ అనే నొప్పి మందులో సైనైడ్ కలిపితే ఏడుగురు చనిపోయారు. ఆ మందు అమ్మే జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలు వెనక్కి తెప్పించింది. ఖర్చు 10 కోట్ల డాలర్లు దాటింది. కుప్పకూలిన అమ్మకాలు మళ్లీ లేచాయి. అది విరాళం కాదు, తన సరుకు పూచీ తాను తీసుకుంది.

వెనక వరసలో కూర్చున్న పిల్లలూ, మీతోనే మాట్లాడుతున్నాను. రేపు ఆ టేబుల్ దగ్గర మీరు కూర్చుంటారు. కంపెనీ మంచిదో కాదో తెలియాలంటే ఎవరికి ఎన్ని రోజుల బాకీ ఉందో ఆ లిస్టు తెరవండి. జీతం ఏ తారీఖున పడుతోందో చూడండి. ఎంతమందికి పనిలో దెబ్బలు తగిలాయో అడగండి. పరిశోధన చేసేవాళ్లకూ ఇదే మనవి, విరాళాలు కొలిచి ఊరుకోకండి.

ఆ నాలుగు పేజీలు ఇక చదవను. ఆ బిల్లు ఇంకో రెండు నెలలకు పాసయింది. నేనే ఫోన్ చేసి చెప్పాను. తన డబ్బు తనకు ఇచ్చినందుకు ఆయన నాకు రెండుసార్లు థాంక్స్ చెప్పారు.

సెలవు.