ఆ చివరి లైన్ చదివారా?

అందరికీ నమస్తే. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ రెండు వరుసలు ఖాళీగానే ఉన్నాయి. నిర్వాహకులకి థాంక్స్. పేరుపేరునా చెబితే ఎవర్నో ఒకర్ని మర్చిపోతాను, తర్వాత వాట్సాప్‌లో అలకలు, అందుకే ఇక్కడితో ఆపేస్తున్నా.

ఈరోజు టాపిక్ "ఉద్యోగంలో ఉన్న డెవలపర్లు ఏ కోర్సులు చేయాలి, అయిదు చిట్కాలు" అని పోస్టర్ వేశారు. అయిదూ రాసుకునే వచ్చాను, ఎన్నింటి దాకా వెళ్తామో చూద్దాం.

ముందు నా సంగతి చెబుతా. ఆన్‌లైన్‌లో సేల్ పెట్టినప్పుడల్లా కొన్నవి ముప్ఫై ఒక్క కోర్సులున్నాయి, నిన్న రాత్రి కూర్చుని లెక్కపెట్టాను. పూర్తి చేసినవి రెండు. కుబర్నెటీస్ కోర్సులో మొదటి వీడియో, అదే "వెల్‌కమ్ టు ది కోర్స్" అనేది, మూడుసార్లు చూశాను, రెండో వీడియో ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ తెలియదు. ఇక ఆఫీసులో పెట్టే తప్పనిసరి ట్రైనింగులు సరేసరి, పాస్‌వర్డ్ భద్రత గురించి నలభై స్లైడులు, నెక్స్ట్ నెక్స్ట్ నొక్కుకుంటూ పోయి చివర క్విజ్‌లో పక్కవాణ్ణి అడగడమే. నవ్వుతున్నారంటే మీరూ అంతేనన్నమాట.

నేను నిజంగా నేర్చుకున్న క్లాసు ఒకటుంది. 2006, అమీర్‌పేట. మైత్రీవనం పక్క సందులో ఆదిత్య ఎన్‌క్లేవ్, పొద్దున ఏడింటి కోర్ జావా బ్యాచ్. హాల్లో ఎంతమంది పడతారో అంతకి రెట్టింపు మంది, స్తంభం వెనక కూర్చున్నవాళ్ల కోసం ఒక టీవీ. చేతిలో ఎవరో సీనియర్ రాసుకున్న నోట్సుకి జెరాక్సు, దానికి మళ్లీ జెరాక్సు, సెమికోలన్ ఏదో, మచ్చ ఏదో తెలిసేది కాదు. ఒకరోజు సార్ చిన్న ప్రోగ్రాం రాసి రన్ చేస్తే ఆడలేదు. నో క్లాస్ డెఫ్ ఫౌండ్ ఎర్రర్. పాత్ చూశారు, క్లాస్‌పాత్ చూశారు, మళ్లీ కంపైల్ చేశారు, ఇరవై నిమిషాలు గడిచిపోయాయి. సగం మంది ఇడ్లీకి దిగిపోయారు. అప్పుడు సార్ మైకు పక్కన పెట్టేసి, తెరమీద ఉన్న ఎర్రర్‌ని ఒక్కో మాటా పైకి చదివారు, ఒకటో తరగతి పిల్లాడు వాచకం చదివినట్టు. చివర బ్రాకెట్లో ఉంది: రాంగ్ నేమ్, హలో. ప్రోగ్రాంలో రాసిన జావా క్లాసు పేరులో హెచ్ పెద్దక్షరం, ఆయన రన్ చేసేటప్పుడు చిన్నక్షరం కొట్టారు. జవాబు ఇరవై నిమిషాలుగా తెరమీదే ఉంది! సార్ ఒకటే అన్నారు, "నేను చదవలేదు బాబూ, చూశానంతే".

మూడు నెలల కోర్సులో నాకు గుర్తున్నది ఆ ఇరవై నిమిషాలే. ఇప్పటి వీడియో కోర్సుల్లో సరిగ్గా ఆ ఇరవై నిమిషాలనే కత్తిరించేస్తారు. అందులో కోడ్ మొదటిసారికే ఆడుతుంది, ఇన్‌స్టాల్ చేస్తే ఇన్‌స్టాల్ అయిపోతుంది. మన ఆఫీసులో అలా ఎప్పుడైనా జరిగిందా? కోర్సులన్నీ మనకి రాయడం నేర్పాయి, చదవడం ఒక్కటీ నేర్పలేదు, నా బాధంతా అదే.

అయితే ఆ పాఠం నేనేమీ అప్పుడే ఒంటబట్టించుకోలేదు. ఇది చెప్పడానికే ఈరోజు ఒప్పుకుని వచ్చాననుకోండి.

నా రెండో ఉద్యోగం. రాత్రి సపోర్ట్ డ్యూటీ, పదకొండున్నరకి దానంతటదే నడవాల్సిన ప్రోగ్రాం, మా భాషలో బ్యాచ్ జాబ్, పడిపోయింది. లాగ్, అంటే ఏం జరిగిందో సర్వర్ రాసుకునే ఫైల్, తెరిచాను. పేజీలకి పేజీలు స్టాక్ ట్రేస్, అంటే కోడ్ ఏ దారిన వెళ్లి ఎక్కడ పడిందో చెప్పే జాబితా. పైనున్న మొదటి లైన్ చూశాను, ఏదో ట్రాన్సాక్షన్ ఫెయిల్ అని ఉంది. సర్వర్ రీస్టార్ట్ చేశాను, మళ్లీ పడింది. ఇంకోసారి, మరోసారి. టెన్షన్‌లో గుర్తొచ్చింది, ఆ సాయంత్రమే మా టీంలో కొత్తగా చేరిన నెల్లూరు అబ్బాయి కోడ్ రిలీజ్ అయింది, అతని మొదటి రిలీజ్. ఇంకేం, దొంగ దొరికాడు. కాల్‌లో క్లయింటు, మా మేనేజరు, నేను. "సాయంత్రం వెళ్లిన మార్పు వల్లే" అని అడిగేలోపే చెప్పేశాను. ఆ అబ్బాయిని నిద్రలేపి కాల్‌లోకి లాగారు. టెస్ట్ చేశావా, ఎవరు రివ్యూ చేశారు, ఒకటే తిట్లు. అతను "సర్, నేను ముట్టుకున్నది రిపోర్ట్ స్క్రీన్ సర్" అంటూనే ఉన్నాడు. వినేదెవరు? అతని మార్పు వెనక్కి తీసేశాం. జాబ్ మళ్లీ పడింది.

రెండు గంటలకి మా సీనియర్ మేడమ్‌ని లేపాం. ఆవిడ అడిగిన మొదటి మాట: "చివరి కాజ్డ్ బై ఏముంది?" ట్రేస్‌లో 'దీనివల్ల' అని కారణం చెప్పే లైన్లవి, ఆఖరిదే అసలు కారణం. నేను "చూస్తున్నా మేడమ్" అన్నాను. "చూడొద్దు, చదువు." కిందికి లాక్కుంటూ వెళ్తే ఆఖరి కాజ్డ్ బై దగ్గర ఉంది: నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్. డిస్కు నిండిపోయింది, అంతే. డిస్కు ఎంత నిండిందో చూపించే డీఎఫ్ కమాండు కొడితే నూటికి నూరు శాతం. ఇంకో తమాషా వినండి, పాత లాగ్ ఫైల్ పెద్దదుంటే తీసేశాను, డిస్కు మాత్రం ఇంకా నూరు శాతమే చూపిస్తోంది. ఫైల్ పేరు పోయినా దాన్ని తెరిచి పట్టుకున్న ప్రాసెస్ వదలకపోతే లినక్స్ ఆ జాగా తిరిగివ్వదు. అప్పుడు కావాల్సొచ్చింది రీస్టార్టు! మూడుసార్లు అనవసరంగా చేసినవాణ్ణి, అవసరమైనప్పుడు భయపడి ఆవిణ్ణి రెండుసార్లు అడిగి చేశాను.

పొద్దున మెయిల్లో "సమస్య పరిష్కారమైంది, కారణం డిస్కు" అని రాశాను. ఆ అబ్బాయి తప్పు లేదని ఒక్క లైన్ రాయలేదు. అతను మూడు నెలలకి మానేశాడు. ఇందుకే మానేశాడని అనను, తెలియదు, కానీ ఆ మూడు నెలలూ క్యాంటీన్లో అతను కనిపిస్తే నేను వేరే టేబుల్ చూసుకునేవాణ్ణి.

సరే... మొదటి చిట్కా ఇదే, చదవడం. జావా వాళ్లూ, చివరి కాజ్డ్ బై నుంచి పైకి చదవండి. పైథాన్ వాళ్లకి ఆఖరి లైన్లోనే అసలు మాట ఉంటుంది. ఎర్రర్‌ని తీసుకెళ్లి ఏఐకి అతికించే ముందు, మీకు అర్థమైంది తెలుగులో ఒక్క వాక్యం రాసి చూడండి, సగంసార్లు అతికించే పనే ఉండదు. ఏఐని వాడొద్దనడం లేదు, నేనూ రోజంతా వాడతాను, మనం చదవకుండా దానితో చదివిస్తే రాత్రి రెండింటికి కాల్‌లో ఏం చెబుతామని.

పెద్ద కంపెనీల్లో ఇలాంటివి జరగవనుకోకండి. 2017 జనవరి 31న, డెవలపర్లు కోడ్ దాచుకునే సైట్ నడిపే గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజినీరు అలసటలో ఒక సర్వర్ అనుకుని ఇంకో దాంట్లో డేటాబేస్ ఫోల్డర్ చెరిపేశాడు. మూడు వందల జీబీలో నాలుగున్నర మిగిలింది. బ్యాకప్ చూస్తే ఖాళీ. వెర్షన్ తేడా వల్ల బ్యాకప్ ప్రోగ్రాం ఎప్పటినుంచో ఫెయిలవుతోంది, ఫెయిలైందని మెయిళ్లు కూడా పంపుతోంది, ఆ మెయిళ్లు మెయిల్ సర్వర్ దగ్గరే తిరస్కరించబడ్డాయి. ఎవరికీ చేరలేదు. ఆరు గంటల ముందటి స్నాప్‌షాట్, అంటే అప్పటి డేటా నకలు, ఒకటి ఉండబట్టి బయటపడ్డారు. నాకు నచ్చిందేమిటంటే ఆ ఇంజినీరు పేరు పెట్టి తిట్టకుండా జరిగిందంతా విడమరిచి అందరికీ కనబడేలా రాసి పెట్టారు. ఏ కోర్సుకి డబ్బు కట్టాలని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఇదే, అలాంటి రిపోర్టులు నెలకొకటి టీం అంతా కూర్చుని చదవండి, ఫీజు లేదు.

రెండో చిట్కా గిట్ బైసెక్ట్, అంటే కోడ్ మార్పుల చరిత్రని సగం సగం చేసుకుంటూ తప్పు మార్పుని వెతికే కమాండు. వెయ్యి కమిట్లలో, అంటే వెయ్యి మార్పుల్లో, ఏది చెడగొట్టిందో పది అడుగుల్లో తేలుతుంది, ఆ రాత్రి నాకది తెలిసుంటే... లేదులెండి, ఆ రాత్రి కోడ్‌లో తప్పే లేదు కదా, బైసెక్ట్ మాత్రం ఏం చేస్తుంది.

టీ వచ్చిందని సైగ చేస్తున్నారు. మిగతా మూడు చిట్కాలు స్లైడులో ఉన్నాయి, పంపిస్తాను. టీకి ముందు ఒక్క పని. ఎవరి లాప్‌టాప్‌లోనైనా శుక్రవారం వదిలేసిన ఎర్రర్ ఉంటే తెచ్చి ఈ ప్రొజెక్టర్‌కి తగిలించండి. మీరా? రండి. ఏమీ మార్చకండి, గూగుల్ తెరవకండి. కిందికి లాగండి... ఇంకా కిందికి... ఆఁ, అక్కడ. ఇప్పుడు మైకు తీసుకుని పైకి చదవండి, బ్రాకెట్లో ఉన్నదానితో సహా.