తుపాను పుట్టే నెలలు, మన కోత నెలలు

అందరికీ నమస్కారం. ఇవాళ నవంబరు 19. దివిసీమలో నిలబడి ఈ తేదీ ఏమిటో నేను విడమరచి చెప్పక్కర్లేదు. 1977లో ఇదే రోజు ఉప్పెన వచ్చి పది వేల మందికి పైగా పోయారు. ఆ తుపాను రూపు కట్టింది అండమాన్ వైపు. తీరం దాటింది చీరాల దగ్గర. మునిగింది మాత్రం మనం. ఉత్తరార్ధగోళంలో తుపాను గాలులు గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతాయి. అందుకే అది వచ్చే దారికి కుడివైపు ఉన్న తీరం మీదికి సముద్రాన్ని తోసుకొస్తాయి. ఆ రోజు ఆ కుడివైపు ఉన్నది దివిసీమే.

నేను భూగోళం చెప్పే రోజుల్లో ఒక పిల్లాడు అడిగాడు: "మాస్టారూ, ఆగస్టులో అంత వాన పడుతుంది కదా, మరి తుపాను అప్పుడెందుకు రాదు?" ఇంత మంచి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. ఇవాళ ఆ ప్రశ్న పట్టుకునే మాట్లాడతాను.

తుపానుకు మొదట కావలసింది వేడి నీళ్లు. పైపైన వేడెక్కితే చాలదు. దాదాపు 50 మీటర్ల లోతు వరకు 26.5 డిగ్రీలైనా ఉండాలి. లేకపోతే గాలి సముద్రాన్ని కలియబెట్టినప్పుడు అడుగు నుంచి చల్లని నీళ్లు పైకొచ్చి తుపానును అక్కడే చల్లార్చేస్తాయి. బంగాళాఖాతంలో ఇంకో సంగతి ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ, ఇన్ని నదుల మంచినీళ్లు వచ్చి ఉప్పునీటి మీద తేలికగా ఒక పొరలా పరుచుకుంటాయి. ఆ పొర కిందికి దిగదు, అడుగు నీళ్లను సులువుగా పైకి రానివ్వదు. మూత పెట్టిన గిన్నెలా వేడి నిలిచి ఉంటుంది. మన నదులే తుపానుకు సాయం చేస్తాయంటే మనసుకు కష్టంగానే ఉంటుంది. ఏం చేస్తాం, ఉన్నమాట అది.

రెండోది, గాలికి మెలిక పడాలి. భూమి తిరగడం వల్లే ఆ మెలిక వస్తుంది. భూమధ్యరేఖ దగ్గర అది ఉండీ లేనట్టే. అందుకే ఆ రేఖకు అటూ ఇటూ అయిదు డిగ్రీల అక్షాంశం లోపల తుపాను పుట్టడం చాలా అరుదు. 2001 డిసెంబరులో సింగపూర్ దగ్గర ఒకటిన్నర డిగ్రీలో పుట్టిన 'వామెయ్'ని ఇప్పటికీ వింతగానే చెప్పుకుంటారు.

ఇక పిల్లాడి ప్రశ్నకు జవాబు మూడోదాంట్లో ఉంది. తుపాను అంటే పది, పదిహేను కిలోమీటర్ల ఎత్తున నిలబడిన ఒక గాలి గోపురం. ఒకదాని మీద ఒకటి పేర్చిన బిందెలను ఊహించుకోండి. కింది బిందెను ఒకరు ఇటు, పై బిందెను ఇంకొకరు అటు తోస్తే ఆ దొంతర నిలుస్తుందా? జులై, ఆగస్టుల్లో జరిగేది అదే. కింద నైరుతి రుతుపవనాల గాలి పడమటి నుంచి వీస్తుంది. పైన తూర్పు నుంచి అంతకంటే వేగంగా ఇంకో గాలి వీస్తుంది. అల్పపీడనాలు పుడతాయి, ఒడిశా, బెంగాల్ తీరాల దగ్గర వాయుగుండాలూ అవుతాయి. కానీ అవి తలెత్తి బలపడేలోపే నేలమీదికి వెళ్లిపోతాయి. మనకు ముసురు మిగులుతుంది.

రుతుపవనాలకు ముందు ఏప్రిల్, మే, జూన్ మొదట్లో, ఆ తర్వాత అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈ పై గాలులు నెమ్మదిస్తాయి. నీళ్లు వేడిగా ఉంటాయి. బిందెలు నిలబడతాయి. మన తుపానులన్నీ దాదాపు ఈ రెండు కిటికీల్లోంచే వస్తాయి. ఫిబ్రవరిలో తుపాను అనే మాటే అరుదు.

రెండో కిటికీలో ఒక వరస కనిపిస్తుంది. అక్టోబరులో వచ్చేవి ఎక్కువగా ఉత్తరాంధ్ర, ఒడిశా, బెంగాల్ వైపు పోతాయి. 2013లో పైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2014లో హుద్‌హుద్ విశాఖలో, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. మూడూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే! నవంబరు వచ్చేసరికి అల్పపీడనాలు పుట్టే చోటు దక్షిణానికి జరుగుతుంది, దాంతో మన మధ్య తీరానికీ తమిళనాడుకూ ముప్పు పెరుగుతుంది. డిసెంబరులో ఇంకా కిందికి దిగుతుంది. ఇది రాసిపెట్టిన రూలు కాదు. 1970 నవంబరులో ఇప్పటి బంగ్లాదేశ్‌లో భోలా తుపాను లక్షల మందిని తీసుకుపోయింది. మన దగ్గరే 1990లో మే నెలలో వచ్చింది. కానీ 1864 నవంబరు 1న మచిలీపట్నం, 1977 నవంబరు 19, 1996 నవంబరు 6న కోనసీమ, ఈ తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి.

ప్రపంచం మొత్తం మీద ఏడాదికి 80, 90 తుపానులు పుడతాయి. ఎక్కువ పుట్టేది పసిఫిక్ పడమటి వైపు. బంగాళాఖాతానికీ అరేబియా సముద్రానికీ కలిపి సగటున అయిదు. అందులో నాలుగు మనవైపే. లెక్క చిన్నదే. కానీ మన తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ, నేల పల్లం, జనం కిక్కిరిసి ఉంటారు. ప్రాణనష్టం అంతగా జరిగింది అందుకే.

ఇప్పుడు ప్రాణాలు చాలావరకు దక్కుతున్నాయి. ముందే చెబుతున్నారు, ముందే తరలిస్తున్నారు. దక్కనిది పంట. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటాక నేను ఒక చేలోకి దిగాను. కోసి వేసిన పనలు మూడు రోజులు నీళ్లలో నానాయి. ఒక పన ఎత్తితే కంకుల నిండా తెల్లటి మొలకలు, చేతికి పులిసిన వాసన. ఆ రైతు ఏడవలేదు. "ఇంకో పది రోజులు ముందు కోసుంటే" అని మాత్రం అన్నాడు.

ఆ మాటే నన్ను వదలడం లేదు. మన డెల్టాలో చాలామంది వేసే ఎంటీయూ 7029, అదే స్వర్ణ, దాదాపు 150 రోజుల పంట. నారుమడి జూన్ మొదటి వారంలో పడితే కోత నవంబరు మొదట్లోకి వస్తుంది. కాలువ నీళ్లు ఆలస్యమై జులై పదికో, ఇరవైకో నారు పోస్తే డిసెంబరు తుపానుకు పనలు చేలో పరిచి ఇచ్చినట్టే. అక్టోబరు తుపానుకు నిలబడి ఉన్న చేను పడిపోవచ్చు, నిజమే. కానీ పడిపోయిన చేనులో ఎంతో కొంత దక్కుతుంది. కోసి నానిన పనలో ఆ మాత్రం కూడా దక్కదు.

తుపాను తేదీ మన చేతిలో లేదు. నారు పోసే తేదీ కాలువ చేతిలో ఉంది, కాలువ మనుషుల చేతిలో ఉంది. వచ్చే మే నెలలో నీటి విడుదల మీద మీటింగు పెట్టినప్పుడు ఈ ఊరి నుంచి పదిమందైనా వెళ్లి అక్కడ ఈ లెక్క చెప్పాలని అడగడానికే ఇవాళ వచ్చాను. నేనూ వస్తాను.