సీడీలో మిగిలిపోయిన సంగీతం

శ్రోతలకు నమస్కారం.

ఈ కొద్ది నిమిషాలూ ఒక పాత కంప్యూటర్ ఆట గురించి చెబుతాను. కంప్యూటర్ ఆటలతో మాకేం పని అనుకునేవాళ్లు కూడా రేడియో కట్టేయకండి. ఇది చెవికి సంబంధించిన కథ. ఒక ఆటలోంచి సంగీతం మాయమై, చాలా ఏళ్ల తర్వాత మళ్లీ ఇల్లు చేరిన కథ.

ముందు ఒక్క మాట. ఫస్ట్ పర్సన్ షూటర్ అని ఒక రకం ఆటలున్నాయి. వీటిలో కథానాయకుడు తెర మీద కనిపించడు. అతని కళ్లే మన కళ్లు. తెర అడుగున చేతిలోని తుపాకీ మాత్రం కనిపిస్తుంది. తలుపు తీస్తే మనమే తీసినట్టు, మూల తిరిగితే మనమే తిరిగినట్టు. ఆ మూల అవతల ఏముందో తెలియదు. ఆ టెన్షనే ఈ ఆటలకు ప్రాణం. 1992లో వోల్ఫెన్‌స్టీన్ 3డి, 1993లో డూమ్, 1996లో క్వేక్, ఈ మూడూ అమెరికాలో ఐడీ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ చేసినవి. ఇప్పటికీ ఈ ఆటలు అమ్ముడవుతున్నాయి. అట్టపెట్టె లేదు, సీడీ లేదు. ఇంటర్నెట్‌లో డబ్బు కడితే నేరుగా కంప్యూటర్‌లోకి దిగుతాయి. పాత ఆటను ఇప్పటి మెషీన్ మీద నడిచేలా సరిచేసి మళ్లీ అమ్మకానికి పెడతారు. దీన్నే రీరిలీజ్ అంటున్నారు.

మంచి పని. చాలా మంచి పని. కానీ అలా తిరిగొచ్చిన ఆటలో అన్నీ ఉన్నాయా? నా మనసులో తిరిగే ప్రశ్న అదే. అందుకే క్వేక్ సంగతి చెప్పాలి.

క్వేక్ 1996 జూన్‌లో వచ్చింది. దానికి సంగీతం చేసింది ట్రెంట్ రెజ్నర్, నైన్ ఇంచ్ నెయిల్స్ బ్యాండ్ మనిషి. ఆటలో మేకులు పేల్చే తుపాకీ ఒకటుంది. దానికి కావలసిన మేకుల పెట్టెలు అక్కడక్కడా నేల మీద కనిపిస్తాయి. దగ్గరికెళ్లి చూస్తే ఆ పెట్టె మీద ఎన్, ఐ, ఎన్ అని మూడు అక్షరాలు, చివరి ఎన్ తిరగేసి ఉంటుంది. అది ఆ బ్యాండ్ గుర్తు. సంగీతం ఇచ్చిన మనిషికి ఆట చేసినవాళ్లు పెట్టిన దండం అది. నాకు ఆ పెట్టె ఎప్పుడు కనిపించినా ఒక్క క్షణం ఆగబుద్ధేస్తుంది.

ఇప్పుడు ఆ సీడీని చేతిలోకి తీసుకుందాం. దాని మీద రెండు రకాల సరుకుంది. మొదటి ట్రాక్‌లో ఆట. రెండో ట్రాక్ నుంచి పదకొండో ట్రాక్ దాకా సంగీతం, మామూలు పాటల సీడీలో ఉన్నట్టే. అంటే ఆ సీడీని పాటల ప్లేయర్‌లో పెట్టి వినొచ్చు. నేను విన్నాను. మొదటి ట్రాక్ దాటేయాలి, కొన్ని ప్లేయర్లలో అది చెవులు చిల్లులు పడే రొద చేస్తుంది, స్పీకర్లకు కూడా మంచిది కాదు. రెండో ట్రాక్ మొదలయ్యాక మాత్రం కూర్చోవలసిందే. అందులో పాడుకోవడానికి రాగమంటూ పెద్దగా దొరకదు. అడుగున గుర్రుమనే మోత. ఎక్కడో ఇనుము ఇనుముతో రాసుకుంటున్నట్టు. గోడ అవతల ఎవరో గుసగుసలాడుతున్నట్టు. భయపెట్టాలని గట్టిగా అరవదు, మీ వెనకాలే నిలబడి ఊపిరి పీలుస్తుంది.

సంగీతాన్ని అలా విడిగా ఎందుకు పెట్టారు? అప్పటి కంప్యూటర్లకు అంత శక్తి లేదు. ఆట సరుకంతా కలిపితే 50 మెగాబైట్ల పైచిలుకు. సీడీ మీద ఒక్క నిమిషం సంగీతానికే 10 మెగాబైట్లు కావాలి. హార్డ్ డిస్క్‌లో దించుకుంటే ఆట కంటే పాటే ఎన్నో రెట్లు చోటు తినేస్తుంది. అందుకని పాటను సీడీలోనే ఉంచేశారు. ఆటలో ప్రతి అంకానికీ, అంటే ప్రతి లెవెల్‌కూ, ఒక ఫైలుంటుంది. ఆ ఫైల్లో ఒక చిన్న అంకె రాసి ఉంటుంది. అంకం మొదలవగానే ఆట ఆ అంకె చూసి, సీడీ డ్రైవ్‌కు ఫలానా ట్రాక్ వెయ్యమని చెబుతుంది. డ్రైవ్ ఆ పాట వేస్తుంది. డ్రైవ్ నుంచి సౌండ్ కార్డుకు సన్నటి వైరు ఒకటి ఉండేది. పాట ఆ వైరు గుండా స్పీకర్లకు చేరేది. ఆ రోజుల్లో కంప్యూటర్ డబ్బా విప్పి చూసినవాళ్లకు ఆ వైరు గుర్తుండే ఉంటుంది. అంటే క్వేక్ సంగీతం ఆట ఫైళ్లలోకి ఎప్పుడూ రాలేదు. సీడీలోంచి వైరులోకి, వైరులోంచి స్పీకర్‌లోకి, అంతే.

ఇక 2007. క్వేక్ స్టీమ్ అనే ఇంటర్నెట్ ఆటల దుకాణంలో డిజిటల్ అమ్మకానికి వచ్చింది. ఆట ఫైళ్లు వచ్చాయి. రాక్షసులొచ్చారు, తుపాకులొచ్చాయి, బ్యాండ్ గుర్తున్న మేకుల పెట్టెలు కూడా వచ్చాయి. పాట రాలేదు. ఎందుకంటే పాట సీడీలో ఉంది. సీడీ లేదు.

ఆట మాత్రం మారలేదు. అంకం మొదలవగానే ఎప్పటిలాగే ఫలానా ట్రాక్ వెయ్యమంది. వినేందుకు డ్రైవ్‌లో సీడీ లేదు. ఏదో లోపం ఉందని తెర మీద సందేశమేమీ రాలేదు. ఆట తన దారిన తాను నిశ్శబ్దంగా నడిచింది. తలుపుల కిర్రు వినిపిస్తుంది, తుపాకీ చప్పుడు వినిపిస్తుంది, రాక్షసుల గుర్రు వినిపిస్తుంది. సంగీతం లేదు.

పాత సీడీ ఉన్నవాళ్లకు తేడా వెంటనే తెలిసింది. కొత్తగా కొన్న కుర్రాళ్లకు ఎలా తెలుస్తుంది? క్వేక్ అంటే ఇలా మౌనంగా ఉండే ఆటే కాబోలు అనుకుంటారు. నన్ను బాధపెట్టేది అదే. పోయిందని తెలిస్తే వెతుక్కుంటాం. ఉండేదన్న సంగతే తెలియనివాళ్లు దేన్ని వెతుక్కుంటారు?

అభిమానులు ఊరుకోలేదు. ఐడీ సాఫ్ట్‌వేర్ 1999 డిసెంబరులోనే క్వేక్ సోర్స్ కోడ్‌ను, అంటే ఆట ప్రోగ్రామ్ రాతను, ఎవరైనా తీసుకుని దిద్దుకోవచ్చనే జీపీఎల్ లైసెన్స్ కింద అందరికీ ఇచ్చేసింది. ఆటలోని బొమ్మలు, అంకాలు, శబ్దాలు అందులో లేవు, అవి కొనుక్కోవలసిందే. కానీ ఆటను నడిపించే యంత్రం అందరి చేతికీ వచ్చింది. దాన్ని తీసుకుని ఎందరో తీరిక వేళల్లో కొత్త కంప్యూటర్లకు తగ్గట్టు దిద్దారు. అలా దిద్దినవాటిలో కొన్ని, సీడీ డ్రైవ్‌ను అడగడానికి బదులు మ్యూజిక్ అనే ఫోల్డర్‌లోకి చూస్తాయి. ట్రాక్ 02 అన్న పేరుతో అక్కడ ఫైలుంటే వేస్తాయి. సీడీ ఉన్నవాళ్లు దాన్ని బయటికి తీసి, పది పాటలూ ఫైళ్లుగా మార్చి, ఆ ఫోల్డర్‌లో వేసుకున్నారు. పది పాటలూ మళ్లీ మోగాయి. కానీ సీడీ ఉన్నవాళ్ల ఇళ్లలోనే.

2021 ఆగస్టు 19న క్వేక్ అధికారికంగా మళ్లీ విడుదలైంది, ఇరవై అయిదేళ్ల సందర్భంగా. ఆ పని చేసింది నైట్‌డైవ్ స్టూడియోస్. ఈసారి సంగీతం తోడొచ్చింది. స్టీమ్‌లో అప్పటికే కొన్నవాళ్ల దగ్గర అదనంగా డబ్బు తీసుకోలేదు. నేను దాన్ని రాత్రిపూట, గదిలో లైటు తీసేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదలుపెట్టాను. మొదటి అంకం, మొదటి గది. అడుగున ఆ మోత మొదలైంది. చేతులు మౌస్ మీంచి తీసేసి అలాగే విన్నాను. ఎవర్నీ కాల్చలేదు, ఎక్కడికీ కదల్లేదు. పాట ఉంది. ఆ రాత్రికి అది చాలు.

నైట్‌డైవ్ పేరొచ్చింది కాబట్టి ఆ సంస్థ పుట్టుక కూడా రెండు మాటల్లో చెప్పేస్తాను. స్టీఫెన్ కిక్ అనే ఆయన మధ్య అమెరికా దేశాల్లో ప్రయాణాల్లో ఉన్నాడు. 1999 నాటి సిస్టమ్ షాక్ 2 ఆడాలనిపించింది. తన ల్యాప్‌టాప్‌లో నడవలేదు. కొందామంటే ఎక్కడా డిజిటల్‌గా అమ్మకానికి లేదు. ఆ ఆట చేసిన లుకింగ్ గ్లాస్ స్టూడియోస్ 2000లోనే మూతపడింది. హక్కులు ఎవరి దగ్గరున్నాయని ఆరా తీస్తే ఒక బీమా కంపెనీ దగ్గర తేలాయి. అవును, బీమా కంపెనీ. ఆయన వాళ్లతో మాట్లాడి ఒప్పించాడు. 2013 ఫిబ్రవరిలో ఆ ఆట జీఓజీ అనే మరో ఇంటర్నెట్ ఆటల దుకాణంలో అమ్మకానికి వచ్చింది. ఒక్క మనిషి పట్టుబట్టి వెతకడం వల్ల వచ్చింది.

ప్రతి ఆటకూ ఆ అదృష్టం పట్టదు. 2000లో వచ్చిన నో వన్ లివ్స్ ఫరెవర్ అనే చక్కటి గూఢచారి ఆట కోసం కూడా ఇదే సంస్థ ప్రయత్నించింది. కంపెనీలు చేతులు మారాయి, ఒకదాన్నొకటి కొనుక్కున్నాయి. చివరికి ఏ హక్కు ఎవరిదో కాగితాలు తీసి చూసేదాకా వాళ్లకే తెలియని పరిస్థితి. ఆ ప్రయత్నం ముందుకు సాగలేదు. 1998 నాటి అన్‌రియల్ అయితే డిజిటల్‌గా అమ్ముడవుతూనే ఉండి, 2022 చివర్లో దుకాణాల్లోంచి తీసేశారు. మొత్తం ఆటల లెక్క చూస్తే, అమెరికాలో విడుదలైన పాత వీడియో గేముల్లో 87 శాతం ఇప్పుడు కొనడానికి దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. నూటికి ఎనభై ఏడు.

తిరిగొచ్చినవి కూడా కొంత మారి వస్తాయి. డూమ్‌లో మందుల పెట్టె మీద మొదట్లో ఎర్ర శిలువ గుర్తుండేది. అది రెడ్‌క్రాస్ గుర్తు, జెనీవా ఒప్పందాల కింద రక్షణ ఉన్నది. యుద్ధభూమిలో నిజమైన ప్రాణాలు కాపాడే గుర్తు. అందుకే 2012లో డూమ్‌ను మళ్లీ ఇచ్చినప్పుడు దాని స్థానంలో మాత్ర బొమ్మ పెట్టారు. ఆ మార్పు సబబే అంటాను. కారణముంది, చూసినవాడికి తేడా కనిపిస్తుంది, అడిగితే జవాబుంది. క్వేక్ పాట అలా పోలేదు. ఎవరూ వద్దని తీసెయ్యలేదు. సీడీలో ఉండిపోయింది, అంతే.

అందుకే మిగిలిన సమయంలో ఒకే ఒక్క పని చెబుతాను. మీ సొరుగులోనో, అటక మీదో పాత ఆటల సీడీలుంటే పారేయకండి. డిజిటల్‌గా మళ్లీ కొన్నాం కదా, ఇక వీటితో పనేమిటి అనుకోకండి. ముందు వాటికి కాపీ తీసి పెట్టుకోండి.

తుడిచేటప్పుడు మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవండి, గుండ్రంగా తిప్పి తుడవకండి. బొమ్మ ముద్రించిన పైభాగం గట్టిదనుకుంటాం. నిజానికి సమాచారమంతా ఆ బొమ్మకు సరిగ్గా కిందే ఉంటుంది, అక్కడ గీత పడితే మళ్లీ బాగుచెయ్యలేం. కంప్యూటర్‌లో సీడీ డ్రైవ్ లేకపోతే యూఎస్‌బీకి తగిలించే డ్రైవులున్నాయి.

కాపీ తీసేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. దయచేసి ఇది జాగ్రత్తగా వినండి. చాలామంది ఐఎస్ఓ అనే ఫైలుగా కాపీ తీస్తారు. ఐఎస్ఓలోకి వచ్చేది ఆట ఉన్న ట్రాక్ మాత్రమే. పాటలు రావు. అంటే 2007లో జరిగిందే మీ ఇంట్లో మళ్లీ జరుగుతుంది. ఆట ఉంటుంది, పాట ఉండదు, లోపం ఉందని ఎవరూ చెప్పరు. కాబట్టి కాపీ తీసే సాఫ్ట్‌వేర్‌లో బిన్, క్యూ అనే పద్ధతి ఎంచుకోండి. రెండు ఫైళ్లొస్తాయి. బిన్ అనేది పెద్దది, సరుకంతా అందులోనే. క్యూ అనేది చాలా చిన్నది, మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది.

కాపీ అవ్వగానే ఆ చిన్న ఫైలు తెరిచి చూడండి. ట్రాక్‌ల పట్టీ కనిపిస్తుంది. క్వేక్ సీడీ అయితే పదకొండు ట్రాక్‌లుండాలి. మొదటిది డేటా, మిగిలిన పదింటికీ పక్కన ఆడియో అని రాసి ఉండాలి. ఒక్కటే ట్రాక్ కనిపిస్తే సీడీని బయటికి తియ్యకండి. పద్ధతి మార్చి మళ్లీ కాపీ తియ్యండి.

నమస్కారం.