రీనా ఇస్మాయిల్ చారుకేశి రాగం కడపోళ్ల చెవికి ఎట్లా వినపడింది?

అందరికీ నమస్తే అబ్బా! హెడ్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి. ఫోన్ స్పీకర్‌లో వింటే ఈ పాట సగం పోతాది.

ఈరోజు రీనా ఇస్మాయిల్ గురించి. భారత సంతతి అమెరికన్ కంపోజర్. అమెరికాలోని జూలియార్డ్ సంగీత కళాశాలలో, యేల్‌ యూనివర్సిటీలో వెస్టర్న్ క్లాసికల్ చదివి, ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద ఇండియాకొచ్చి ఉత్తరాది హిందుస్తానీ సంగీతం నేర్చుకున్నారు. 2020-21లో సియాటిల్ సింఫనీ ఆర్కెస్ట్రాకు కంపోజర్-ఇన్-రెసిడెన్స్, అంటే ఆస్థాన స్వరకర్త మాదిరి. బిరుదులు ఇంతటితో చాలు, పాట వినాల కదా.

'ఫ్యూజన్' అంటేనే నాకు భయం. ఒకపక్క తబలా, ఒకపక్క డ్రమ్స్, మధ్యలో నలిగిపోయేది రాగం. అసలు చిక్కేందంటే, రాగం ఒంటి గొంతు మీద నడిచేది. వెస్టర్న్ కోరస్‌లో నాలుగు వరసల గొంతులు ఒకేసారి వేరేవేరే స్వరాలు పట్టుకుంటాయి. రాగంలో లేని స్వరం ఒక్కటి కింద పడిందా, రంగే మారిపోతాది.

అందుకే ముందు 'దర్శన్' వినండి. ఒక్క ఫిడేలు, అంతే. అందులో ఒక భాగం బిహాగ్ రాగం, ఇంకోటి చారుకేశి. చారుకేశి మన కర్ణాటక సంగీతంలో 26వ మేళకర్తే, అంటే మూలరాగమే, ఈడినుంచే హిందుస్తానీకి పోయింది. పూర్వాంగం, అంటే స-రి-గ-మ, శంకరాభరణం రాగానిది; ఉత్తరాంగం, అంటే ప-ద-ని-స, తోడి రాగానిది. పంచమం దాటి ధైవతం కాడికి వచ్చేసరికి నవ్వే మొహంలో నీళ్లు తిరుగుతాయి చూడండి, అది ఇందులో దొరికింది. ఇంకో సంగతి. మన కర్ణాటక సంగీతమోళ్లు కింద కూర్చుని ఫిడేలు తలను కాలి మీద ఆనించుకుంటారు, ఎడమచెయ్యి తీగ మీద హాయిగా జారుతుంది. వెస్టర్న్ వాళ్లు గడ్డం కింద నొక్కిపెట్టి వాయించాల. పైగా వాళ్లు గీతల మీద రాసుకునే స్టాఫ్ నొటేషన్‌లో స్వరం దొరుకుతుంది గానీ గమకం, అంటే స్వరాన్ని ఊపే తీరు, ఎక్కడ దొరుకుతుంది? అయినా రాగం చెడలేదు.

ఆమె పెద్ద రచన 'దిస్ లవ్ బిట్వీన్ అస్', 2016ది. కోరస్, బరోక్ ఆర్కెస్ట్రా (పాతకాలపు యూరప్ వాద్యాల బృందం), సితార్, తబలా. బౌద్ధంతో మొదలై ఇస్లాంతో ముగిసే ఏడు భాగాలు, ఏడు మతాలు. మతాలన్నీ కలిసుండాలనే ఆ మాట మనకు కొత్తది కాదు లేండి. ఉగాది పొద్దున దేవుని కడప గుడి ముందర లైన్లో ముస్లింలు ఉంటారు, పెద్ద దర్గా ఉరుసుకు బొట్టు పెట్టుకున్నోళ్లు పోతారు. అందుకే నేను విషయం పక్కనపెట్టి సంగీతమే విన్నా. కోరస్ అంతా ఒక్కసారి ఎత్తుకున్నప్పుడు సితార్ మునిగిపోయిందనిపించింది. మతానికో భాగం ఇవ్వడం కూడా నాకు ఏడు గదుల్లో కూర్చోబెట్టినట్టుంది. మా ఊర్లో ఒకే లైను మరి! అది వదిలేస్తే, నిదానంగా నడిచే చోట్ల మాత్రం కళ్లు మూసుకుని వినొచ్చు.

నా మార్కులు: 'దర్శన్'కు పదికి తొమ్మిది, పెద్దదానికి ఏడు.

ఆ తగ్గిన ఒక్క మార్కు మా పాపది. ఫిడేలు నేర్చుకుంటాంది. చారుకేశి మొత్తం విని, "నాయనా, గాంధారం ఇంకొంచెం ఊపాల కదా?" అనింది.