ఇంపాక్ట్ గన్ వాడకం: శ్రోతల ప్రశ్నలు, మెకానిక్ జవాబులు

యాంకర్: నమస్కారం. ఈరోజు చక్రాల నట్లు విప్పే కరెంటు ఇంపాక్ట్ రెంచి, అదే షాపుల్లో గన్ అంటాం కదా, దాని వాడకం గురించి మాట్లాడుకుందాం. లారీల పనిలో చాలా అనుభవమున్న సీనియర్ మెకానిక్ గారు మనతో ఉన్నారు. మొదటి కాల్ సూర్యాపేట నుంచి.

కాలర్ (సూర్యాపేట): హలో... నమస్తే అన్నా. వినపడుతోందా? నాది హైవే పక్కన పంక్చర్ షాపు. ఇంతకుముందు మా నాన్న చూసుకునేవాడు. వీల్ స్పానర్‌కు పైపు తొడిగి, దాని మీదెక్కి తొక్కేవాడు. మోకాళ్లు పోయాయి పాపం. అందుకే నేను హాఫ్ ఇంచి గన్ కొన్నా, నట్టుకు తొడిగే సాకెట్‌ను తగిలించే మొన అర అంగుళం ఉండేది. కార్లకు బాగానే ఉంది. మొన్న రాత్రి ఒక పాత లారీ వచ్చింది. టకటకా కొడుతూనే ఉంది, నట్టు మాత్రం కదల్లేదు. గన్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. ఇంకాసేపు పట్టి ఉంచితే వచ్చేదా అన్నా?

మెకానిక్: రాదు తమ్ముడూ. లోపల మోటారు ఒక సుత్తిని తిప్పుతుంది. నట్టు గట్టిగా ఉంటే ఆ సుత్తి స్ప్రింగును నొక్కుకుంటూ వెనక్కి జరిగి, మళ్లీ ముందుకొచ్చి దెబ్బ వేస్తుంది. నిమిషానికి 2 వేలకు పైగా దెబ్బలు. 5 సెకన్లలో కదలని నట్టు నిమిషం కొట్టినా కదలదు, మోటారే కాలుతుంది. ఆపేసి, తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి పావుగంట ఆగండి. వైరు ఎంత పొడవు?

కాలర్: ఇంట్లోంచి లాగాం. ఓ ఇరవై మీటర్లు. సన్న వైరే, చుట్ట అలాగే ఉంది.

మెకానిక్: అదీ ఒక తప్పే. సన్న వైరులో వోల్టేజీ పడిపోతుంది, దెబ్బలో బలం ఉండదు. అంత దూరానికి 2.5 స్క్వేర్ ఎంఎం వైరు వేయండి. చుట్ట మొత్తం విప్పండి, లేకపోతే లోపలే వేడెక్కి కరుగుతుంది.

కాలర్: సరే అన్నా. వైరు మారిస్తే మరి ఎక్కువసేపు కొట్టొచ్చా?

మెకానిక్: ఇప్పుడే చెప్పాను కదయ్యా! 5 సెకన్లు. ఏ వైపు చక్రం అది?

కాలర్: ఎడమవైపు, వెనకది.

మెకానిక్: పాత బండి అన్నారు. స్టడ్డు, అంటే నట్టు ఎక్కే బోల్టు, దాని చివర ఇంగ్లీషు ఎల్ అక్షరం ఉందా?

కాలర్: ...ఉందన్నా. కంపెనీ గుర్తు అనుకున్నా.

మెకానిక్: అది ఉల్టా మర, తమ్ముడూ. మామూలుగా బిగించే వైపు తిప్పితేనే ఊడుతుంది. కొన్ని పాత లారీలకు ఎడమవైపు అలాగే ఉంటుంది. మీరు విప్పలేదు, అంతసేపూ బిగించారు. ఇక ఆ స్టడ్లను నమ్మకండి. బండి ఓనర్‌కు ఫోన్ చేసి, స్టడ్లు చూపించుకోమని ఇవాళే చెప్పండి. మొహమాటపడొద్దు. చాలా పెద్ద లారీల నట్లకు 600 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూ బిగింపు ఉంటుంది, న్యూటన్ మీటరంటే బిగింపు బలానికి కొలత. మామూలు హాఫ్ ఇంచి గన్ దానికి సరిపోదు, వన్ ఇంచిది కావాలి. ఇంకో మాట, గన్ విప్పడానికే. చివరి బిగింపు చేత్తో, ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచితో.

కాలర్: చేస్తా అన్నా, ఇప్పుడే చేస్తా. డ్రైవర్ నంబర్ ఉంది.

యాంకర్: ధన్యవాదాలండీ. నెల్లూరు నుంచి మరొకరు.

కాలర్ (నెల్లూరు): సార్, గన్ వెనక నిప్పురవ్వలు ఎక్కువగా వస్తున్నాయి.

మెకానిక్: కార్బన్‌లు, అదే మోటారుకు కరెంటు అందించే బ్రష్‌లు, అరిగాయేమో. ముందు ప్లగ్గు పీకండి, ఆ తర్వాతే మూత విప్పండి. పొట్టిగా అయిపోతే రెండూ కలిపి మార్చాలి, ఒక్కటే మారిస్తే లాభం లేదు. మీ మోడల్‌కు సరిపోయేవే కొనండి. కొత్తవి వేశాక కూడా రవ్వలు ఆగకపోతే మోటారులో తిరిగే భాగం, ఆర్మేచర్, చూపించండి. రోజూ పని అయ్యాక గాలి రంధ్రాల్లో దుమ్ము దులపండి. గేర్ల గ్రీజు...

యాంకర్: క్షమించండి, కాల్స్ చాలా ఉన్నాయి. వరంగల్ నుంచి ఒక అమ్మ.

కాలర్ (వరంగల్): మా అబ్బాయి మామూలు తెల్ల సాకెట్లే గన్‌కు పెడుతున్నాడండీ. కొత్తవి దండగ అంటాడు.

మెకానిక్: దండగ కాదమ్మా. తెల్లగా మెరిసేవి చేతిపనికి చేసినవి. దెబ్బలకు పగిలి ముక్క కంట్లోకి ఎగురుతుంది. నల్లటి ఇంపాక్ట్ సాకెట్లే వాడమనండి, కళ్లద్దాలు పెట్టుకోమనండి. లైన్లో ఉన్నాడా?

కాలర్: పక్కనే ఉన్నాడు, వింటున్నాడు.

మెకానిక్: బాబూ, అమ్మ మాట విను. ఇవాళే మార్చు.

యాంకర్: గుంటూరు నుంచి...

కాలర్ (గుంటూరు): కారు చక్రానికి గన్‌తోనే గట్టిగా బిగిస్తే సరిపోతుంది కదండీ?

మెకానిక్: సరిపోదు. చాలా కార్లకు 100 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూ చాలు, మాన్యువల్లో చూడండి. గన్‌తో దాటిపోతే స్టడ్డు సాగుతుంది, పైకి కనపడదు. నడిరోడ్డు మీద చక్రం ఊడి దొర్లిపోవడం నేను చూశాను, ఆ బండిలో పిల్లలున్నారు. నట్లన్నీ ముందు చేత్తో ఎక్కించండి, ఎదురెదురు నట్లు బిగించుకుంటూ రండి, చివరికి టార్క్ రెంచి. 50 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడండి.

కాలర్: టార్క్ రెంచి ఇంట్లో లేదండీ.

మెకానిక్: బండిలో వీల్ స్పానర్ ఉంటుంది కదా? దాంతో చేత్తో బిగించండి. పైపు తొడగొద్దు, కాలితో తొక్కొద్దు. అక్కణ్ణుంచి నిదానంగా టైర్ల షాపుకు వెళ్లి చెక్ చేయించండి.

యాంకర్: సమయం అయిపోయింది. ధన్యవాదాలు సార్.

మెకానిక్: ఒక్క నిమిషం. సూర్యాపేట తమ్ముడు వింటుంటే, ఆ లారీ ఓనర్‌కు ఫోన్ చేసి ఉంటాడనుకుంటున్నా. చేయకపోతే ఇప్పుడే చేయాలి.